వెండి నానోకణాలకు బ్యాక్టీరియా నిజంగానే లొంగడం లేదా? ఎంఐసీ పరీక్షతో తేల్చుకునే పద్ధతి

ఒక ఇ. కోలై రకం మీద వెండి నానోకణాలు పనిచేయలేదంటే అది బ్యాక్టీరియా సంపాదించుకున్న నిరోధకత కావచ్చు. బ్రాత్‌లోని (బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవంలోని) క్లోరైడ్ వెండిని పట్టేసుకుని ఉండొచ్చు. సీసాలోనే కణాలు ముద్దకట్టి, మీరు వేశామనుకున్న మోతాదు అసలు వెల్‌లోకి (పరీక్ష ప్లేటులోని చిన్న గుంటలోకి) చేరకపోయి ఉండొచ్చు. ఈ మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి: ప్లేటులో మబ్బుగా పెరుగుదల. వీటిని విడదీయకుండా "నిరోధకత వచ్చింది" అని రాసేయడమే ఈ రంగంలో ఎక్కువగా జరిగే పొరపాటు. వెండి ద్రావణాన్ని తయారు చేసుకోవడం నుంచి ఫలితానికి అర్థం చెప్పడం వరకు, ఆ మూడింటినీ విడదీసేలా పరీక్షను ఎలా అమర్చుకోవాలో ఇక్కడ ఉంది.

ఎంఐసీ (మినిమమ్ ఇన్హిబిటరీ కాన్సంట్రేషన్) అంటే కంటికి కనిపించే పెరుగుదలను ఆపగలిగిన అతి తక్కువ గాఢత. ఈ పని సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాలలో, బయోసేఫ్టీ క్యాబినెట్‌లో చేయవలసింది. అలవాటు పడేవరకు నాణ్యత నియంత్రణకు వాడే ఇ. కోలై ఏటీసీసీ 25922తోనే చేయండి. రోగుల నుంచి వచ్చిన రకాలను బయోసేఫ్టీ రెండో స్థాయి సదుపాయం, శిక్షణ ఉన్నచోటే తెరవాలి. ఉన్న నిరోధకతను కొలవడమే ఇక్కడి పని. కావాలని నిరోధకతను పెంచే ప్రయోగాలు వేరే అనుమతులతో, వేరే పర్యవేక్షణలో జరగాల్సినవి.

ముందు, బ్యాక్టీరియా తప్పించుకునే దారులు

ఏ దారిలో తప్పించుకుంటుందో తెలిస్తేనే ఏ కంట్రోల్ (పోలిక కోసం పెట్టే పరీక్ష) ఎందుకు పెడుతున్నామో అర్థమవుతుంది.

నానోకణం ఉపరితలం ఆక్సిజన్ సమక్షంలో ఆక్సీకరణం చెంది వెండి అయాన్లను వదులుతుంది. ఆ అయాన్లు ప్రొటీన్లలోని గంధకం ఉన్న థయోల్ సమూహాలకు అంటుకుని ఎంజైమ్‌లను పాడుచేస్తాయి, కణత్వచాన్నీ శ్వాసక్రియనూ దెబ్బతీస్తాయి. ఆక్సిజన్ లేనిచోట, అంటే అయాన్లు విడుదల కాని స్థితిలో, నానోకణాలు ఇ. కోలైని చంపలేకపోయాయని 2012లో రైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. కాబట్టి చాలా సందర్భాల్లో నానోకణాన్ని అయాన్ల గిడ్డంగిగా చూడటమే సరైన దృష్టి. పరీక్షలో సిల్వర్ నైట్రేట్‌ను పక్కన పెట్టుకోవాల్సింది కూడా ఇందుకే.

అయాన్లకు ఎదురు నిలిచే యంత్రాంగాల్లో బాగా తెలిసింది సిల్ జన్యువుల గుచ్ఛం. 1975లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ కాలిన గాయాల విభాగం నుంచి, సిల్వర్ నైట్రేట్‌కు, క్లోరాంఫెనికాల్‌కు, ఆంపిసిలిన్‌కు మూడింటికీ లొంగని సాల్మొనెల్లా టైఫిమ్యూరియం గురించి నివేదిక వచ్చింది. దానిలోని పీఎంజీ101 అనే ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే డీఎన్‌ఏ వలయం) మీద ఉన్న వెండి నిరోధక జన్యువుల వివరాలు 1999లో వెలువడ్డాయి. వాటి పనితీరు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సిల్-ఇ ప్రొటీన్ రెండు త్వచాల మధ్య ఖాళీలో వెండి అయాన్లను పట్టుకుంటుంది. సిల్-సీబీఏ పంపు వాటిని బయటి త్వచం దాటించి పారబోస్తుంది. సిల్-ఎఫ్ పంపుకు అయాన్లను అందించే సహాయకారి. సిల్-పి కణద్రవ్యంలోకి చొరబడ్డ అయాన్లను బయటికి నెడుతుంది. సిల్-ఎస్ వెండి ఉనికిని పసిగడితే, సిల్-ఆర్ మిగతా జన్యువులను మేల్కొల్పుతుంది.

ప్లాస్మిడ్ లేకపోయినా ఇ. కోలై క్రోమోజోమ్ మీదే రాగిని, వెండిని బయటికి పంపే కస్ వ్యవస్థ ఉంది. కస్-ఎస్ జన్యువులో ఉత్పరివర్తనం వచ్చి పంపు ఎప్పుడూ తెరిచే ఉండిపోయి, దానికి తోడు బయటి త్వచంలోని ఓఎంపీ-సీ, ఓఎంపీ-ఎఫ్ రంధ్ర ప్రొటీన్లు పోతే వెండి లోపలికి రావడం తగ్గుతుంది, వచ్చింది వచ్చినట్టే బయటికి పోతుంది. ఇంకో సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. సిల్ జన్యువులు ఉండి కూడా నిద్రాణంగా, మామూలు ఎంఐసీ చూపించే రకాలు ఉంటాయి, ముఖ్యంగా ఎంటెరోబాక్టర్, క్లెబ్సియెల్లా జాతుల్లో. సిల్-ఎస్‌లో ఒక్క మార్పు చాలు, ఎంఐసీ ఒకేసారి లీటరుకు వందల మిల్లీగ్రాములకు ఎగబాకుతుంది. ఇలాంటి రకం మొదటి పరీక్షలో "లొంగేది"గానే కనిపిస్తుంది.

నానోకణాలకు మాత్రమే ప్రత్యేకమైన దారి ఒకటుంది. ఇ. కోలై, సూడోమోనాస్ ఎరుజినోసా రకాలు పదేపదే నానోకణాలకు గురైనప్పుడు, కశాభంలోని (ఈదడానికి వాడే తోకలోని) ఫ్లాజెలిన్ ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేసి కణాలను ముద్దకట్టిస్తాయని ఒలోమౌట్స్‌లోని పలాట్స్కీ విశ్వవిద్యాలయం బృందం 2018లో నేచర్ నానోటెక్నాలజీ పత్రికలో ప్రచురించింది. ఇందులో జన్యు మార్పు లేదు. కణాల మీద అదనంగా స్థిరీకారి (కణాలు ముద్దకట్టకుండా ఉంచే పూత) పూసినా ఈ ఎత్తు పారడం ఆగలేదు. దానిమ్మ తొక్క సారంతో ఫ్లాజెలిన్ ఉత్పత్తిని అణచినప్పుడు మాత్రం నిరోధకత బాగా తగ్గింది.

యాంటీబయాటిక్స్ విషయంలో దారులు మరింత నిర్దిష్టంగా ఉంటాయి: బీటా-లాక్టమేజ్ పెన్సిలిన్ వలయాన్ని కోసేస్తుంది, మెక్-ఎ జన్యువు స్టఫైలోకాకస్ ఆరియస్‌కు మందు అంటని మరో గోడకట్టే ఎంజైమ్‌ను ఇస్తుంది, గైర్-ఎలో మార్పు సిప్రోఫ్లాక్సాసిన్‌ను దూరం పెడుతుంది, ఏసీఆర్-ఏబీ-టాల్-సీ పంపు రకరకాల మందులను కలిపి తోసేస్తుంది. వెండి ఒకేసారి ఎన్నో లక్ష్యాల మీద దాడి చేస్తుంది కాబట్టి నిరోధకత రాదన్న వాదన తరచూ వినిపిస్తుంది. అది నిలవదు. లక్ష్యాలు ఎన్ని ఉన్నా, వెండిని లోపలికే రానివ్వని పంపు ఒక్కటి ఉంటే సరిపోతుంది.

వెండి ద్రావణం: లెక్క ఇక్కడే తప్పుతుంది

సిల్వర్ నైట్రేట్‌ను, నానోకణాలను పోల్చాలంటే రెండింటినీ వెండి లోహపు బరువులోనే చెప్పాలి. సిల్వర్ నైట్రేట్ అణుభారం 169.87, వెండిది 107.87. అంటే 157.5 మిల్లీగ్రాముల సిల్వర్ నైట్రేట్‌ను అయాన్లు తీసిన నీటిలో కరిగించి 100 మిల్లీలీటర్లకు తెస్తే లీటరుకు 1000 మిల్లీగ్రాముల వెండి. ఉప్పు బరువునే గాఢతగా రాసేస్తే ఎంఐసీ 1.57 రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. రెండు ప్రయోగశాలల ఫలితాలు కలవకపోవడానికి ఇది చాలాసార్లు కారణం. కుళాయి నీరు వాడొద్దు, అందులోని క్లోరైడ్‌తోనే తెల్లటి మడ్డి వస్తుంది. ముదురు రంగు సీసాలో, చీకట్లో దాచండి. చేతికి తగిలితే చర్మం నల్లబడుతుంది, గ్లోవ్స్ తప్పనిసరి.

నానోకణాల సీసా మీద రాసిన పరిమాణాన్ని నమ్మి ముందుకు పోకండి. పరీక్ష రోజునే ఈ మూడు చూడండి.

యూవీ-విజిబుల్ వర్ణపటం (ఏ తరంగదైర్ఘ్యం కాంతిని ఎంత ఆపుతుందో చూపే గీత): చిన్న గోళాకార కణాలైతే 400 నానోమీటర్లకు దగ్గర్లో ఒక్కటే సన్నటి శిఖరం ఉండాలి. శిఖరం పొట్టిదై, 500 దాటాక భుజంలా లేచిందంటే కణాలు ముద్దకట్టాయి, ఆ సీసా పక్కన పెట్టేయాల్సిందే.

మొత్తం వెండి: కొంత భాగాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ లేదా అటామిక్ అబ్సార్ప్షన్ పరికరంతో కొలిపించండి.

కరిగిన వెండి: 3 కిలోడాల్టన్ల వడపోత గొట్టంలో సెంట్రిఫ్యూజ్ చేసి, వడిసిన ద్రవంలో వెండిని కొలవండి. వడపోత పొర తానే కొన్ని అయాన్లను పట్టేసుకుంటుంది కాబట్టి మొదట వడిసిన భాగాన్ని పారబోయండి. గాఢత తెలిసిన సిల్వర్ నైట్రేట్‌ను అదే గొట్టంలో పంపి, ఎంత తిరిగి వచ్చిందో సరిచూసుకోండి. పాతబడ్డ సీసాల్లో కరిగిన భాగం పెరుగుతుంది. అలాంటి దానితో తెచ్చుకున్న ఎంఐసీ నానోకణాలది కాదు, అప్పటికే బయటికొచ్చిన అయాన్లది.

బ్రాత్‌లో వెండి ఏమవుతుంది

వెండి పరీక్షలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఈ అంశం గురించే.

సిల్వర్ క్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం (అది నీటిలో ఎంత తక్కువగా కరుగుతుందో చెప్పే అంకె) దాదాపు 1.8×10⁻¹⁰. ఫిజియలాజికల్ సెలైన్‌లో క్లోరైడ్ లీటరుకు 154 మిల్లీమోల్స్. అందులో వెండి వేస్తే, సమతాస్థితిలో స్వేచ్ఛగా మిగిలే వెండి అయాన్ లీటరుకు దాదాపు 0.13 మైక్రోగ్రాములు. మీరు 10 మిల్లీగ్రాములు వేసినా అంతే, 50 వేసినా అంతే. మిగిలిందంతా మడ్డిగానో, కరిగే క్లోరైడ్ సంకీర్ణాలుగానో మారిపోతుంది. బ్యాక్టీరియాను సెలైన్‌లో కలిపి వెండికి ఎదురు పెట్టడమంటే బూడిదలో పోసిన పన్నీరే.

అలాగని క్లోరైడ్ మొత్తం తీసేయడమూ సరి కాదు. పీఎంజీ101 ప్లాస్మిడ్ ఉన్న ఇ. కోలైనీ, లేని దాన్నీ పోల్చి 1998లో చేసిన అధ్యయనంలో, కొద్దిపాటి క్లోరైడ్ ఉన్నప్పుడే రెండింటి ఎంఐసీల మధ్య తేడా పెద్దదైంది. హాలైడ్లు (క్లోరైడ్, దాని వంటి అయాన్లు) బాగా పెరిగినప్పుడు రెండు రకాలూ వెండికి మరింత లొంగాయి. అంటే మాధ్యమం మారితే ఎంఐసీ అంకె ఒక్కటే కాదు, నిరోధక రకానికీ మామూలు రకానికీ ఉన్న దూరం కూడా మారుతుంది. ఏదో ఒక మాధ్యమాన్ని ఎంచుకుని, దాన్నే కడదాకా వాడండి.

మ్యూలర్-హింటన్ బ్రాత్‌లో క్లోరైడ్‌తో పాటు సిస్టీన్ వంటి గంధకపు అమైనో ఆమ్లాలు, పెప్టైడ్లు ఉంటాయి. ఇవీ వెండిని పట్టుకుంటాయి. అందుకే నీటిలో లీటరుకు మైక్రోగ్రాముల స్థాయిలోనే చంపగలిగే వెండి, బ్రాత్‌లో మిల్లీగ్రాముల్లోకి వెళ్తుంది. నీటి శుద్ధి గురించిన అంకెను, బ్రాత్‌లో తెచ్చిన అంకెను పక్కపక్కన పెట్టి "నిరోధకత" అనడం తప్పు. అన్ని ప్రయోగాలకూ ఒకే తయారీదారు, ఒకే బ్యాచ్ పొడి వాడండి. బ్యాచ్ మారితే ఏటీసీసీ 25922 మీద సిల్వర్ నైట్రేట్ ఎంఐసీ మళ్లీ తీసి, పాతదానితో కలుస్తుందో లేదో చూడండి. యాంటీబయాటిక్స్ పక్కన పోల్చాలంటే కాల్షియం 20–25, మెగ్నీషియం 10–12.5 మిల్లీగ్రాములు లీటరుకు ఉండేలా సరిచేసిన మ్యూలర్-హింటన్ బ్రాతే ప్రామాణికం.

పరీక్షకు ముందు రోజు ఒక చిన్న పని చేసిపెట్టుకోండి. బ్యాక్టీరియా లేని బ్రాత్‌లో నానోకణాలను కలిపి 35 డిగ్రీల దగ్గర ఉంచి, కలిపిన వెంటనే, 1, 4, 18 గంటలకు వర్ణపటం తీయండి. శిఖరం గంటలోపే కూలిపోతే ఆ కణాలు ఆ బ్రాత్‌లో నిలవవు. బ్యాక్టీరియాను నిందించే ముందే ఈ సంగతి తెలిసిపోతుంది.

ప్లేటు అమర్చడం

నానోకణాలను నేరుగా బ్రాత్‌లో పలుచన చేసుకుంటూ పోతే మొదటి వెల్‌లోనే ముద్దకట్టి, ఆ తర్వాతి పలుచనలన్నీ తప్పుతాయి. అందుకని వెండిని అయాన్లు తీసిన నీటిలో పలుచన చేసి, బ్యాక్టీరియాను రెట్టింపు గాఢత బ్రాత్‌లో కలిపి, చివరిలో సమానంగా కలపండి.

96 వెల్స్ ప్లేటులో ఎ, బి, సి వరుసలు మీరు అనుమానిస్తున్న రకానికి. డి, ఇ, ఎఫ్ వరుసలు దాని మూల రకానికి (అది ఏ రకం నుంచి వచ్చిందో దానికి), అది లేకపోతే ఏటీసీసీ 25922కి. జి వరుసలో వెండి ఉంటుంది, బ్యాక్టీరియా ఉండదు. హెచ్ వరుసలో నానోకణాల స్థిరీకారి మాత్రమే (సిట్రేట్, పీవీపీ, ఏదైతే అది), అదే పలుచనల్లో, అనుమానిత రకంతో. రెండో ప్లేటు అచ్చం ఇలాగే, కానీ నానోకణాల బదులు సిల్వర్ నైట్రేట్, హెచ్ వరుసలో సోడియం నైట్రేట్. అనుమానిత రకాన్నీ మూల రకాన్నీ ఒకే ప్లేటులో పెట్టడం అనవసరమనిపించొచ్చు. ఈ ఒక్క అమరికే రోజుకు రోజుకు వచ్చే తేడాలన్నింటినీ పక్కకు తీసేస్తుంది, వదులుకోకండి.

1. వెండి ఉండే వరుసల్లో 2 నుంచి 11 వరకు నిలువు వరుసల్లో 50 మైక్రోలీటర్ల చొప్పున శుద్ధమైన స్టెరైల్ నీరు పోయండి. 12లో కూడా అంతే.
2. మొదటి నిలువు వరుసలో లీటరుకు 128 మిల్లీగ్రాముల వెండి ద్రావణం 100 మైక్రోలీటర్లు. దాని నుంచి 50 తీసి రెండులో కలిపి, అలా పదో వరుస దాకా తీసుకెళ్లి, చివరి 50 పారబోయండి. ప్రతి అడుగులో టిప్ మార్చండి. వెండి కణాలు ప్లాస్టిక్‌కు అంటుకుని తర్వాతి వెల్‌లోకి వెళ్తాయి. హెచ్ వరుసలో స్థిరీకారిని ఇదే విధంగా పలుచన చేయండి.
3. రాత్రంతా పెరిగిన అగర్ ప్లేటు నుంచి మూడు నాలుగు కాలనీలను సెలైన్‌లో కాకుండా బ్రాత్‌లో కలిపి, 0.5 మెక్‌ఫార్లాండ్ (బ్యాక్టీరియా మబ్బుతనాన్ని కొలిచే ప్రమాణం) మబ్బుతనానికి తీసుకురండి. 625 నానోమీటర్ల దగ్గర, 1 సెంటీమీటరు క్యూవెట్‌లో, మామూలు బ్రాత్‌ను ఖాళీ రీడింగ్‌గా తీసేశాక 0.08–0.13 రావాలి. ఇ. కోలైకి ఇది మిల్లీలీటరుకు దాదాపు 1×10⁸ సీఎఫ్‌యూ (కాలనీగా పెరగగల బ్యాక్టీరియా సంఖ్య).
4. 15 నిమిషాల్లోపే దాన్ని రెట్టింపు గాఢత బ్రాత్‌లో వంద రెట్లు పలుచన చేయండి. 1 నుంచి 11 వరకు 50 మైక్రోలీటర్ల చొప్పున వేయండి. జి వరుసకూ, 12వ నిలువు వరుసకూ బ్యాక్టీరియా లేని రెట్టింపు బ్రాత్.

ఇప్పుడు ప్రతి వెల్‌లో 100 మైక్రోలీటర్లు, మిల్లీలీటరుకు 5×10⁵ సీఎఫ్‌యూ, వెండి 64 నుంచి 0.125 మిల్లీగ్రాముల వరకు ఉంటాయి. పదకొండో వరుస పెరుగుదల కంట్రోల్, పన్నెండోది శుభ్రత కంట్రోల్. సిల్ జన్యువులు ఉన్నాయని అనుమానం ఉంటే 1024తో మొదలుపెట్టండి, చివరి గాఢతలు 512 నుంచి 1 వరకు వస్తాయి.

బ్యాక్టీరియా సంఖ్యను లెక్కించకుండా వదిలేయకండి. పెరుగుదల వెల్ నుంచి వెంటనే 10 మైక్రోలీటర్లు తీసి 10 మిల్లీలీటర్ల ద్రావణంలో కలిపి, అందులో 100 మైక్రోలీటర్లు అగర్ మీద పరవండి. మర్నాడు 50 కాలనీల దగ్గర్లో ఉండాలి, 20 నుంచి 80 వరకు ఫర్వాలేదు. వెండి ప్రతి బ్యాక్టీరియా కణంతోనూ చర్య జరిపి ఖర్చయిపోతుంది కాబట్టి, పది రెట్లు ఎక్కువ బ్యాక్టీరియా వేస్తే ఎంఐసీ దానంతటదే పెరుగుతుంది. సంఖ్య తప్పిన ప్లేటు ఫలితాన్ని వాడొద్దు.

మూత పెట్టి, తేమ ఉండే డబ్బాలో, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 20 గంటలు, చీకట్లో ఉంచండి. నాలుగు ప్లేట్ల కన్నా ఎత్తుగా పేర్చొద్దు, మధ్యవి ఆలస్యంగా వేడెక్కుతాయి. 100 మైక్రోలీటర్లే కాబట్టి అంచు వెల్స్ త్వరగా ఎండుతాయి, గాఢత పెరుగుతుంది. ఎ వరుస ఫలితం బి, సి వరుసలతో కలవకపోతే ముందు అనుమానించాల్సింది ఇదే.

విడిగా ఒక ప్లేటులో ఏటీసీసీ 25922 మీద ఒక యాంటీబయాటిక్ పెట్టండి. సిప్రోఫ్లాక్సాసిన్‌కు 0.004–0.016, జెంటామైసిన్‌కు 0.25–1 మిల్లీగ్రాములు లీటరుకు రావాలి. ఆ పరిధి తప్పితే మీ చేతిలోనో, బ్రాత్‌లోనో, ఇంక్యుబేటర్‌లోనో లోపముంది. ఆ రోజు వెండి ఫలితం కూడా చెల్లదు.

చదవడం

వెండి నానోకణాలు పసుపు-గోధుమ రంగులో ఉంటాయి, ముద్దకడితే బూడిద రంగుకు తిరిగి 600 నానోమీటర్ల దగ్గర కూడా కాంతిని ఆపుతాయి. నైట్రేట్ వేసిన వెల్స్‌లో సిల్వర్ క్లోరైడ్ తెల్లగా మబ్బు పట్టిస్తుంది. ఈ రెండూ పెరుగుదలలా కనిపిస్తాయి. జి వరుస ఉన్నది ఇందుకే. ప్రతి గాఢతలో వచ్చిన ఓడీ 600 (600 నానోమీటర్ల దగ్గర మబ్బుతనం రీడింగ్) నుంచి, అదే గాఢత జి వెల్ ఓడీని తీసేయండి. మిగిలింది పెరుగుదల కంట్రోల్‌లో పదో వంతు కన్నా తక్కువున్న మొదటి గాఢతను ఎంఐసీగా తీసుకోవచ్చు. ఏ గీటురాయి వాడారో నివేదికలో రాయండి.

రెసాజురిన్ రంగు వేసి నీలం నుంచి గులాబీకి మారడం చూసే పద్ధతి వెండికి అంత నమ్మదగినది కాదు. కణాలు తామే ఆ రంగుతో చర్య జరపవచ్చు. జి వరుసలో కూడా గులాబీ వచ్చిందా అని చూడకుండా ఆ ఫలితాన్ని తీసుకోకండి.

మధ్యలో ఒక్క వెల్ ఖాళీగా ఉండి, అంతకన్నా ఎక్కువ గాఢతలో పెరుగుదల కనిపిస్తే అది పిపెట్ తప్పో, కలుషితమో, లేక ముద్దకట్టిన కణాలు సరిగా పంచుకోకపోవడమో. ఒక్క ఖాళీ వెల్ అయితే పైదాన్ని లెక్కలోకి తీసుకోండి, రెండు మూడు ఉంటే ప్లేటు మళ్లీ పెట్టండి. పై గాఢతలో పెరిగిన దాన్ని మాత్రం పారేయకుండా అగర్ మీద గీసి చూడండి. సిల్-ఎస్‌లో మార్పు వచ్చిన బ్యాక్టీరియా కణాలు సరిగ్గా ఇలాంటి వెల్‌లోనే బయటపడతాయి. మూడు వరుసల్లో ఒకదానిలో మాత్రం ఎక్కువ గాఢతలో పెరుగుదల రావడం కూడా అలాంటి సూచనే. లూరియా, డెల్‌బ్రూక్ 1943లో చూపించినట్టు, ఉత్పరివర్తనాలు చంపే కారకం తగలకముందే యాదృచ్ఛికంగా పుట్టి ఉంటాయి, అందుకే ఒక వెల్‌లో ఉండి పక్క వెల్‌లో ఉండకపోవచ్చు.

పెరగకపోవడం, చావడం ఒకటి కాదు. చావును తెలుసుకోవాలంటే పెరుగుదల లేని వెల్ నుంచి 10 మైక్రోలీటర్లు అగర్ మీద పరవాలి. మొదట అందులో 5000 బ్యాక్టీరియా కణాలుండేవి, 99.9 శాతం చావు అంటే 5 కాలనీలకు మించకూడదు. అయితే ఆ 10 మైక్రోలీటర్లతో వెండి కూడా అగర్ మీదికి వస్తుంది, బతికున్నవాటిని అక్కడ కూడా పెరగనివ్వదు. సోడియం థయోగ్లైకొలేట్, సోడియం థయోసల్ఫేట్ కలిపిన ద్రావణంతో ముందు వెండిని నిర్వీర్యం చేయండి. ఆ ద్రావణమే బ్యాక్టీరియాను చంపడం లేదని, వెండిని పూర్తిగా ఆపుతోందని రెండు విడి పరీక్షలతో రుజువు చేసుకోవాలి. ఇది దాటవేసిన అధ్యయనాలు వెండి శక్తిని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెబుతాయి.

అంకెకు అర్థం చెప్పడం

వెండికి సీఎల్ఎస్ఐ గానీ యూకాస్ట్ గానీ (ఇలాంటి పరీక్షలకు ప్రమాణాలు నిర్ణయించే సంస్థలు) "లొంగేది, లొంగనిది" అని గీత గీసిన పరిమితి అంకెలు ఇవ్వలేదు. కాబట్టి మూల రకంతో పోల్చడం ఒక్కటే ఆధారం. ఈ పద్ధతిలో ఒక మెట్టు అటూ ఇటూ రావడం మామూలే, రెండు రెట్ల తేడాను నిరోధకత అనకండి. కనీసం నాలుగు రెట్లు, వేర్వేరు రోజుల్లో, కొత్త కాలనీలతో మూడుసార్లు అదే వస్తేనే దాన్ని నమ్మాలి.

ఇక రెండు ప్లేట్లను పక్కపక్కన పెట్టి చూడండి. నానోకణాలకూ నైట్రేట్‌కూ రెండింటికీ ఎంఐసీ పెరిగితే, వెండి అయాన్‌ను ఆపే దారి (సిల్ లేదా కస్) ఉందని అనుకోవాలి. పీసీఆర్‌తో (ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కను పెంచి గుర్తించే పరీక్షతో) సిల్-ఇ జన్యువు కోసం చూడండి. అది లేకపోతే కస్-ఎస్, ఓఎంపీ-ఆర్ (ఓఎంపీ-సీ, ఓఎంపీ-ఎఫ్‌లను నియంత్రించేది) జన్యువుల క్రమం చదివించండి. నానోకణాలకు మాత్రమే పెరిగి నైట్రేట్‌కు మారకపోతే అనుమానం ముద్దకట్టడం మీదికి పోవాలి. అనుమానిత రకం పెరిగిన బ్రాత్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి, పైనున్న తేట ద్రవాన్ని వడకట్టి, తాజా నానోకణాలతో కలిపి వర్ణపటం తీయండి. మూల రకం తేట ద్రవంతోనూ అంతే చేయండి. మొదటిదానిలో శిఖరం త్వరగా కూలి రెండోదానిలో నిలిస్తే, బ్యాక్టీరియా బయటికి వదిలినది ఏదో కణాలను ముద్దకట్టిస్తోంది. 0.3 శాతం మెత్తటి అగర్‌లో మధ్యన గుచ్చి, ఈత వలయం ఎంత విస్తరించిందో రెండు రకాలనూ పోల్చితే ఫ్లాజెలిన్ వైపు ఆధారం దొరుకుతుంది. హెచ్ వరుసలో తేడా కనిపిస్తే మాత్రం కథ మొత్తం స్థిరీకారిదే.

మార్పు వంశపారంపర్యమా కాదా అన్నది తర్వాతి ప్రశ్న. వెండి లేని బ్రాత్‌లో రోజూ వంద రెట్లు పలుచన చేస్తూ పది రోజులు పెంచండి. ఒక్కో మార్పిడికి ఆరు ఏడు తరాలు, మొత్తం 66 తరాల దాకా వస్తాయి. తర్వాత మళ్లీ ఎంఐసీ తీయండి. నిలిచిందంటే జన్యు మార్పు లేదా ప్లాస్మిడ్ అనుకోవచ్చు. పడిపోయిందంటే తాత్కాలిక సర్దుబాటు కావచ్చు, ప్లాస్మిడ్ జారిపోయి ఉండొచ్చు. సిల్-ఇ పీసీఆర్ ముందూ వెనకా చేస్తే ఈ రెండూ విడిపోతాయి.

ఎంఐసీ మారకుండా, చావడానికి మాత్రం ఎక్కువసేపు పడుతుంటే అది నిరోధకత కాదు, సహనం. దానికి ఎంఐసీ పనికిరాదు. గంట గంటకూ బతికున్నవాటిని లెక్కించి, 99 శాతం చావడానికి ఎంత సమయం పట్టిందో చూడాలి.

సిల్-ఇ దొరికిన ప్రతి రకానికీ యాంటీబయాటిక్స్ పరీక్ష కూడా చేయించండి. సిల్ జన్యువులు రాగి నిరోధక జన్యువులతో, విస్తృత బీటా-లాక్టమేజ్ జన్యువులతో కలిసి ఒకే ప్లాస్మిడ్ మీద ఉండటం తరచుగా కనిపించేదే. 1975 నాటి సాల్మొనెల్లాలోనూ వెండి, ఆంపిసిలిన్, క్లోరాంఫెనికాల్ నిరోధకతలు కలిసే ఉన్నాయి. గాయానికి వేసిన వెండి కట్టు, ఏ యాంటీబయాటిక్ తగలకపోయినా, అలాంటి ప్లాస్మిడ్ ఉన్న బ్యాక్టీరియానే బతికించి మిగల్చగలదు. వెండిని అవసరం లేని వస్తువులకు పూయడం మీద ఆందోళన చెందాల్సింది ఇందుకే.

నివేదికలో ఎంఐసీ అంకెతో పాటు కణాల పరిమాణం, స్థిరీకారి, మొత్తం వెండి, కరిగిన వెండి శాతం, బ్రాత్ తయారీదారు, బ్యాచ్ సంఖ్య, నిజంగా లెక్కించిన సీఎఫ్‌యూ, అదే రోజు నైట్రేట్ ఎంఐసీ, యాంటీబయాటిక్ నియంత్రణ అంకె ఉండాలి. అనుమానిత రకాన్నీ మూల రకాన్నీ 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి, రెండోది లేకుండా మొదటిదానికి విలువ ఉండదు. వాడిన ప్లేట్లను 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేశాక, వెండి ఉన్న ద్రవాలను సింక్‌లో పోయకుండా భారలోహ వ్యర్థాల డబ్బాలో వేయండి. ఆ డబ్బాలో అమ్మోనియా కలిసిన వ్యర్థాలు వేయకూడదు, వెండి-అమ్మోనియా ద్రావణం నిలవ ఉంటే పేలే పదార్థం ఏర్పడుతుంది.